మా తమ్ముడు దాచిన తిట్లు

మా ఆయనకీ మా తమ్ముడికీ ఒకరంటే ఒకరికి ఎంతో ఇష్టం. అయితే ఇద్దరి మధ్యా కంప్యూటర్ లేనప్పుడే ఆ ఇష్టం బయటపడుతుంది. కంప్యూటర్ మాట వచ్చిందంటే ఇక ఆ పూట భోజనం చల్లారిపోవాల్సిందే. పెళ్లయిన కొత్తలో నేనిదంతా సరదా అనుకున్నాను. పదిహేడేళ్ల తర్వాత కూడా ప్రతి ఆదివారం అదే గొడవ వింటుంటే, సరదా అన్న మాటకి అర్థమే మర్చిపోయాను.

మా ఆయన కారు నడపడం నేర్పుతారు. ఇరవై రెండేళ్లుగా అదే పని. నేర్చుకునేవాళ్లు ఆయన్ని బ్రేక్ మాస్టారంటారు. డ్రైవింగ్ స్కూలు కారులో ఆయన కూర్చునే వైపు కూడా కాళ్ల దగ్గర ఒక బ్రేకు ఉంటుంది. దాని అవసరం రాకుండా నోటిమాటతోనే కారు ఆపించగలరని ఆయనకి పేరు. మా తమ్ముడు ఒక పెద్ద గ్రంథాలయంలో కంప్యూటర్లు చూసుకుంటాడు. నేను కళ్లద్దాల షాపులో పనిచేస్తాను. అద్దాల అంచులు అరగదీసి ఫ్రేములో బిగిస్తాను, వంకరపోయిన కాడల్ని వేడిచేసి సరిచేస్తాను.

"కంప్యూటరంటే టాక్సీలా ఉండాలోయ్," అనేవారు మా ఆయన. "ఎక్కామా, కూర్చున్నామా, దిగామా. ఇంజను ఎక్కడుందో నాకెందుకు? విండోస్ నన్ను ఆ గొడవలోకి లాగదు."

"బానెట్ తెరవనివ్వని కారు నీదెలా అవుతుంది బావా?" అనేవాడు మా తమ్ముడు. "లైనక్స్‌లో అయితే ప్రతి మరా నీ చేతిలోనే ఉంటుంది."

"నా చేతిలో మరలెందుకు? స్టీరింగుంటే చాలు. మొన్న నీ సిస్టమ్‌లో ప్రింటరు పనిచేయించడానికి మూడు ఆదివారాలు నల్ల తెర మీద తెల్లక్షరాలు కొట్టావు. చివరికేం ప్రింటు తీశావు? 'ప్రింటరు పనిచేస్తోంది' అని ఒక కాగితం!"

"తీశానా లేదా?"

"తీశావు."

"మరింకేం!"

ఈ విషయంలో నా అభిప్రాయం ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ చెప్పుకుంటున్నాను. మా షాపులో అద్దాల పవరు కొలిచే మిషను ఒకటుంది. వయసులో నాకంటే పెద్దది. దానికి ఒకటే మీట. ఇంతవరకూ అది నన్ను పాస్‌వర్డ్ అడగలేదు, కొత్త రూపం ఎలా ఉందో చెప్పమని నక్షత్రాలు ఇమ్మనలేదు. పొద్దున్న వెళ్లి స్విచ్చి వేస్తే వెలుగుతుంది, అంతే. యంత్రం అనిపించుకోవడానికి అంతకంటే ఏం కావాలో నాకిప్పటికీ తెలియదు.

మా ఆయనకి ఫోన్‌లో టైపు చెయ్యడమంటే చిరాకు. అక్షరాలు ఆవగింజల్లా ఉంటాయని విసుక్కునేవారు. అందుకే ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య, కారు రోడ్డు పక్కన ఆపుకుని, మా తమ్ముడికి వాయిస్ మెసేజ్‌లు పంపేవారు. అవి మెసేజ్‌లు కావు, ఉపన్యాసాలు. ఒక్కొక్కటి నాలుగు నిమిషాలు, ఐదు నిమిషాలు, కడుపు మండిన రోజున పదకొండు నిమిషాలు. జవాబుగా మా తమ్ముడు ఒకే ఒక్క బొటనవేలు బొమ్మ పంపేవాడు. అది చూస్తే మా ఆయనకి ఇంకా ఒళ్లు మండేది.

అలా సాగిపోతుండగా ఒకసారి ఆయన గొంతు బొంగురుపోయింది. దుమ్మన్నారు. తర్వాత జలుబన్నారు. రెండు నెలలు గడిచినా తగ్గకపోతే బలవంతంగా ఆస్పత్రికి తీసుకెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఏదీ దాచకుండా చెప్పారు. స్వరపేటికలో క్యాన్సర్. మొత్తం తీసేయాలి. సమయానికే వచ్చారు కాబట్టి ప్రాణానికి భయం లేదు. ఆపరేషన్ తర్వాత మెడ ముందు చిన్న రంధ్రం నుంచి ఊపిరి తీసుకుంటారు. మాట మాత్రం పోతుంది.

"మొత్తమా?" అన్నారు మా ఆయన బొంగురు గొంతుతో.

"మొత్తం."

ఆయన జేబులోంచి డైరీ తీసి చూసుకుని, "సోమవారం ఒకాయనకి డ్రైవింగ్ టెస్టుంది. అది అయ్యాక పెట్టుకోవచ్చా?" అని అడిగారు.

ఆ ఆస్పత్రిలోనే మాట పోయినవాళ్లకి, తడబడేవాళ్లకి సాయం చేసే ఆవిడ ఒకరున్నారు. అందరూ ఆవిణ్ని మాటల టీచరమ్మ అంటారు. ఆపరేషన్‌కి ముందే గొంతు రికార్డు చేసి పెట్టుకుంటే, తర్వాత మనం టైపు చేసినది కంప్యూటర్ మన గొంతుతోనే పలికేలా చేయవచ్చని చెప్పారావిడ. ఒక చిన్న గదిలో మైకు ముందు కూర్చోబెట్టి వాక్యాలున్న కాగితం ఇచ్చారు. మా ఆయన పది వాక్యాలు చదివారు. తిరిగి వినిపిస్తే అందులో ఉన్నది ఎవరో తొంభై ఏళ్ల ముసలాయన. గాలి, గరగర, మధ్యలో దగ్గు.

ఆయన కాగితం మడిచి టీచరమ్మ బల్ల మీద పెట్టేశారు.

"ఇది నాది కాదమ్మా. దీన్ని దాచుకుని ఏం చేసుకోను?"

ఆ సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. మా ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. జరిగింది నేను చెబుతుంటే వాడు నేల చూపులు చూస్తూ విన్నాడు. కాసేపటికి చెవి గోక్కున్నాడు. చిన్నప్పటి నుంచీ తప్పు చేసినప్పుడు వాడు చేసే పని అదే.

"అక్కా, బావ గొంతు నా దగ్గరుంది."

"ఏ గొంతురా?"

"పాతది. మంచిది. బావ పంపిన వాయిస్ మెసేజ్‌లు ఒక్కటి కూడా తీసెయ్యలేదు."

లాప్‌టాప్ తెరిచి చూపించాడు. ఏడేళ్లవి, తేదీల వారీగా. మొత్తం నాలుగు వందల పన్నెండు. కలిపితే ముప్ఫై ఒక్క గంటలు. అవన్నీ పెట్టిన ఫోల్డరు పేరు 'బావ - సాక్ష్యాలు'.

మా ఆయన లేచి వచ్చి ఆ పేరు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివారు.

"ఏమిటోయ్ ఈ సాక్ష్యాలు?"

"ఎప్పటికైనా నువ్వు నా దారికి రాకపోతావా, ఆ రోజు కూర్చోబెట్టి వరసగా అన్నీ వినిపిద్దామని దాచాను బావా."

"దొంగవెధవా," అన్నారు మా ఆయన. బొంగురు గొంతులో కూడా ఆ మాట ఎంత ముద్దుగా వచ్చిందో.

"అది కూడా రికార్డు చెయ్యమంటావా?" అన్నాడు మా తమ్ముడు. ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు కాబట్టి నేను వంటింట్లోకి వెళ్లిపోయాను.

ఆపరేషన్ బాగానే జరిగింది. పది రోజులు ముక్కులో గొట్టం, తర్వాత మెత్తటి ఆహారం, మెడకు పల్చటి గుడ్డ. మాటల టీచరమ్మ ఒక పరికరం ఇచ్చారు. టార్చిలైటంత ఉంటుంది. మెడకు ఆనించి మీట నొక్కి పెదాలు కదిపితే బుర్రుమనే శబ్దం మాటగా మారుతుంది. మా ఆయన దాన్ని ఒకసారి ప్రయత్నించి, పిల్లలు రాసుకునే తెల్లబోర్డు మీద రాశారు: 'దోమకి మైకిచ్చినట్టుంది.' తర్వాత దాన్ని సొరుగులో పెట్టేశారు. ఇంట్లో ఇక మిగిలింది మార్కరు పెన్ను కీచుమనే చప్పుడే.

గొంతు తయారుచేసే ప్రోగ్రామ్‌కి రికార్డింగ్ ఒక్కటే సరిపోదట. ఆ రికార్డింగ్‌లో ఉన్న మాటల్ని పొల్లుపోకుండా టైపు చేసి జతపరచాలట. విని దానంతటదే రాసే ప్రోగ్రామ్ ఇంకొకటి ఉంది కానీ, 'క్లచ్ మీద కాలు తీసెయ్' అన్నదాన్ని అది 'కల్చర్ మీద కాలు తీసెయ్' అని రాసింది. దాంతో ఆ పని మా మీద పడింది. గంటలు పంచుకున్నాం. షాపులో మధ్యాహ్నం కస్టమర్లు లేని సమయంలో నేను చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని మా ఆయన తిట్లు టైపు చేసేదాన్ని.

ఇలాంటివే ఆదివారాల్లో ఇంట్లో విన్నప్పుడు పట్టించుకోలేదు. ఇప్పుడు ఒక్కొక్క మాటా నాలుగుసార్లు వినాలి.

"ఫ్రిజ్జికి ఇంటర్నెట్ ఎందుకోయ్? పాలు విరిగాయని అది నాకు ఫోన్ చెయ్యాలా? నాకు ముక్కు లేదా?"

"పాస్‌వర్డులో ఒక పెద్దక్షరం ఉండాలట, ఒక అంకె ఉండాలట, ఒక పిచ్చి గుర్తు ఉండాలట. ఉద్యోగంలో చేరినప్పుడు కూడా నన్ను ఇన్ని అర్హతలు అడగలేదు!"

"షరతులన్నీ చదివాను, ఒప్పుకుంటున్నాను అని నొక్కమంటుంది. చదివినవాడు భూమ్మీద ఒక్కడున్నాడా? నా జీవితంలో నేనాడే అబద్ధం అదొక్కటే. వారానికోసారి ఆడిస్తున్నారు నాచేత."

"వాచీలో ఎన్ని అడుగులు వేశానో ఉంది, గుండె ఎలా కొట్టుకుంటోందో ఉంది. టైమెంతో చూడాలంటే మాత్రం చెయ్యి రెండుసార్లు విదిలించాలి. విదిలించి విదిలించి బస్సు వెళ్లిపోయింది."

నాలో నేనే నవ్వుకుంటుంటే అద్దాలు తీసుకోవడానికి వచ్చిన ఒకావిడ భయంగా చూసింది. ఇంకోరోజు అదే బల్ల దగ్గర ఏడుస్తుంటే మా షాపాయన ఏమీ అడగకుండా వెళ్లి నా బదులు కౌంటర్లో నిలబడ్డాడు.

ఒక మెసేజ్‌లో చిన్న విచిత్రం జరిగింది. ఆయన మా తమ్ముణ్ని ఉతికి ఆరేస్తున్నారు. అంతలో ఎవరో కారు అద్దం మీద తట్టారు. రికార్డింగ్ ఆపడం మర్చిపోయినట్టున్నారు. గొంతు ఉన్నట్టుండి మారిపోయింది. "రండి డాక్టరుగారూ, కూర్చోండి. ఇవాళ తొందరేం లేదు. ముందు కాస్త ఊపిరి తీసుకోండి." అక్కడితో అయిపోయింది. మొత్తం పదకొండు సెకన్లు. టైపు చేసేశాక కూడా నేను దాన్ని చాలాసార్లు విన్నాను. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఆపరేషనయిన ఏడో వారం మా తమ్ముడు తన లాప్‌టాప్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. మా ఆయన ఒక్క వేలితో వెతుక్కుంటూ 'మంచినీళ్లు కావాలి' అని కొట్టి మీట నొక్కారు.

"మంచినీళ్లు కావాలి!" అని అరిచింది లాప్‌టాప్.

గొంతు అచ్చంగా ఆయనదే. కానీ ఆ విసురు వింటే, పదేళ్లుగా ఆయనకి నీళ్లివ్వకుండా మాడ్చానేమో అనిపించింది. నేను కంగారుగా గ్లాసు అందించాను. ఆయన తాగి, ఇంకోటి కొట్టారు.

"టీ బాగుంది!" అంది లాప్‌టాప్. దెప్పిపొడుపు తప్ప మెచ్చుకోలు లేదందులో.

మా తమ్ముడు ముందు నవ్వాడు. తర్వాత నేను. మా ఆయన భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. చప్పుడు లేని నవ్వు నేను చూడటం అదే మొదలు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని బోర్డు అందుకున్నారు.

'నేను ఇంట్లో ఇలాగే మాట్లాడతానా?'

మా తమ్ముడు సీలింగ్ ఫ్యాను వైపు చూశాడు. అది తిరగడం లేదు.

"అప్పుడప్పుడు," అన్నాను నేను.

ఆయన బోర్డు తుడిచేసి లోపలికి వెళ్లిపోయారు. రెండు రోజులు లాప్‌టాప్ మూత తియ్యలేదు. మూడో రోజు మా తమ్ముడు ఫోన్ చేసి దిగులుగా, "ముప్ఫై ఒక్క గంటల్లో ముప్ఫై గంటలు తిట్లే అక్కా. తిట్లు తిని పెరిగిన ప్రోగ్రామ్ ఇంకెలా మాట్లాడుతుంది?" అన్నాడు. అప్పుడు చెప్పాను వాడికి, ఆ పదకొండు సెకన్ల సంగతి.

ఆ డాక్టరుగారు ఎవరో కనుక్కోవడం కష్టం కాలేదు. యాభై రెండేళ్ల పళ్ల డాక్టరు. వంకర జ్ఞానదంతాన్ని చెయ్యి వణక్కుండా పీకేస్తారు కానీ, క్లచ్ మీద కాలు పెట్టగానే మోకాళ్లు టకటకలాడతాయి. మూడేళ్లుగా మా ఆయన దగ్గర నేర్చుకుంటూనే ఉన్నారు. ఫోన్ చేస్తే ఆయనే ఇంటికి వచ్చారు. కూర్చోమంటే కుర్చీ అంచున కూర్చున్నారు.

"మాస్టారు నాకు పంపిన వాయిస్ మెసేజ్‌లు నా దగ్గర యాభైకి పైనే ఉన్నాయమ్మా," అన్నారు మొహం ఎర్రబడుతుండగా. "కారెక్కే ముందు పెట్టుకుని వింటాను. ఈ సంగతి మా ఆవిడక్కూడా తెలీదు."

ఫోన్ బల్ల మీద పెట్టి ఒకటి వినిపించారు.

"డాక్టరుగారూ, నిన్న ఇంజను నాలుగుసార్లు ఆగిపోయిందని బాధపడకండి. ఐదోసారి మీరే స్టార్ట్ చేశారు కదా, అది గుర్తుపెట్టుకోండి. వెనకవాడు హారన్ కొడితే కొట్టనివ్వండి. వాడూ ఒకప్పుడు నేర్చుకున్నవాడే."

పళ్ల డాక్టరుగారు ఊరుకోలేదు, తనతో పాటు నేర్చుకున్నవాళ్లందరికీ కబురు పెట్టారు. వారం తిరిగేసరికి పంతొమ్మిది మంది తమ ఫోన్లు వెతికి పంపారు. నాలుగు గంటలు పైగా వచ్చింది. ఆడవాళ్లకి, కుర్రకారుకి, రిటైరైన ఒక తపాలా ఉద్యోగికి, అందరికీ ఒకటే గొంతు. ఎక్కడా విసుగు లేదు. అవి టైపు చేస్తుంటే నాకు సంతోషం వేసింది, ఉక్రోషమూ వచ్చింది. ఒకరోజు ఆపుకోలేక మా ఆయన ముందుకెళ్లి నిలబడ్డాను.

"ఇంత మెత్తటి గొంతుండి, ఇన్నేళ్లలో దాన్ని ఒక్కరోజైనా ఇంటికి తీసుకురావాలనిపించలేదా మీకు?"

ఆయన బోర్డు తీసుకున్నారు. రాశారు, తుడిచారు. మళ్లీ రాశారు, తుడిచారు. చివరికి నా వైపు తిప్పారు.

'వాళ్లు భయపడతారు. నువ్వు భయపడవు కదా అనుకున్నాను.'

కోపం అక్కడే పోలేదు కానీ, పోవడానికి దారి దొరికింది.

కొత్త రికార్డింగ్‌లు కలిపి మా తమ్ముడు గొంతుని మళ్లీ తయారుచేశాడు. ఈసారి మా ఆయన చాలాసేపు టైపు చేశారు. నేను షాపు నుంచి అప్పుడే వచ్చి చెప్పులు విడుస్తున్నాను.

"ఇవాళ షాపులో పని ఎక్కువైందా? మొహం వాడిపోయింది. కాసేపు కూర్చో, టీ నేను పెడతాను."

గుమ్మంలో అలాగే నిలబడిపోయాను. లాప్‌టాప్ వైపు చూడాలో, ఆయన వైపు చూడాలో తెలియలేదు. చివరికి ఆయన వైపే చూశాను.

ఆ తర్వాత ఆయన మా తమ్ముడి వైపు తిరిగి ఇంకోటి కొట్టారు. "ఈ బటన్ ఇంత చిన్నగా పెట్టావేమిటోయ్? నా వేలు చూశావా, నీ బటన్ చూశావా?" అంది ఆ గొంతు, వెన్నలాగా. మా తమ్ముడు నెత్తి పట్టుకున్నాడు. "ఇలా తిడితే నాకు తిట్టినట్టే లేదు బావా!" అని, అప్పటికప్పుడు తెర మీద రెండు మీటలు పెట్టాడు. ఒకటి 'కారు గొంతు', ఇంకోటి 'ఇంటి గొంతు'. మా ఆయన ఆ పేర్లు చెరిపించి, 'మామూలు', 'బావమరిదికి' అని మార్పించారు.

అయితే అసలు యుద్ధం అప్పుడు మొదలైంది. ఆ ప్రోగ్రామ్ నడిచేది మా తమ్ముడి లైనక్స్ లాప్‌టాప్ మీద. మా ఆయన అది తన విండోస్ టాబ్లెట్‌లో ఉండాలన్నారు.

"ఇందులో ఏం తక్కువైంది బావా?"

'తాళాలు నీ దగ్గరుండే ఇంట్లో నేను కాపురం ఉండను,' అని బోర్డు మీద రాశారాయన.

"తాళాలు అందరి దగ్గరా ఉండే సిస్టమే ఇది! అదే కదా పదిహేడేళ్లుగా మొత్తుకుంటున్నాను!"

'అయితే దొంగలు కూడా వస్తారు.'

వాడు అరుస్తాడు, ఈయన రాస్తారు. మార్కర్‌లో ఇంకు అయిపోయింది. అప్పుడు నేను కలగజేసుకున్నాను. "గొంతు ఎవరిదో, వాళ్లిష్టం. మనిషి మాట్లాడటానికి కూడా నీ సిద్ధాంతం అడ్డమేమిట్రా?" అన్నాను. వాడు చేదుమాత్ర చప్పరిస్తున్నవాడిలా మొహం పెట్టి టాబ్లెట్ తీసుకెళ్లాడు. మూడు ఆదివారాలు కష్టపడి, ఆ గొంతుని దాంట్లోకి మార్చి తెచ్చాడు. వాడు తన జీవితంలో ఎవరికోసమైనా అంత మెట్టు దిగడం నేను చూడలేదు. టాబ్లెట్‌కి చిన్న స్పీకరు కలిపారు. అది మెడలో వేలాడితే రంధ్రానికి తగులుతోందని, నేను పాత కళ్లజోడు కాడలు రెండు వేడిచేసి వంచి, చొక్కా జేబుకి తగిలించుకునే కొక్కెం చేసిచ్చాను.

డ్రైవింగ్ స్కూలు వాళ్లు ఆయనకి ట్రాఫిక్ నియమాల క్లాసు ఇచ్చారు. మొదటి రోజు పన్నెండు మంది వచ్చారు. నేను సెలవు పెట్టి వెనక బెంచీలో కూర్చున్నాను, మా తమ్ముడు గుమ్మం దగ్గర నిలబడ్డాడు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, టాబ్లెట్ బల్ల మీద పెట్టుకుని, టైపు చేసి మీట నొక్కారు.

చప్పుడు లేదు.

మళ్లీ నొక్కారు, మూడోసారీ నొక్కారు, ఇంకేదో కొట్టి నొక్కారు. లేదు. మా తమ్ముడి మొహం పాలిపోయింది. తర్వాత తెలిసింది, ముందురోజు సాయంత్రం వాడు ఎవరికీ చెప్పకుండా 'ఒక చిన్న మార్పు' చేశాడట, గొంతు ఇంకా స్పష్టంగా వస్తుందని.

వాడు పరుగున వచ్చి బల్ల కింద దూరాడు. మా ఆయన వాణ్ని ఒక చూపు చూసి, సుద్దముక్క తీసుకుని బోర్డు మీద నాలుగు రోడ్ల కూడలి గీశారు. బోర్డు తుడిచే డస్టరుని లారీ చేశారు. సుద్దముక్కల డబ్బా బస్సయింది, తాళంచెవి స్కూటరయింది. బల్ల మీద వాటిని నడిపిస్తూ, ఎవరు ముందు వెళ్లాలో వేలు చూపించి అడిగారు. ముందు బెంచీ అమ్మాయి లారీ అంది. ఆయన లారీని పోనిచ్చి స్కూటరుని గుద్దించారు. తాళంచెవి ఎగిరి ఆ అమ్మాయి ఒళ్లో పడింది. గదంతా నవ్వులు. ఇరవై నిమిషాలు అలాగే సాగింది, ఒక్క మాట లేకుండా. ఎవరూ ఫోన్ వైపు చూడలేదు.

సరిగ్గా అప్పుడు స్పీకరు బతికింది. అంతవరకూ నొక్కినవన్నీ వరసగా, పూర్తి శబ్దంతో మోగాయి. "అందరికీ నమస్కారం. అందరికీ నమస్కారం. అందరికీ నమస్కారం. వినబడుతోందా?"

"వినబడుతోంది మాస్టారూ!" అన్నారు పన్నెండు మందీ.

బయటికొచ్చాక మా తమ్ముడు తలెత్తలేదు. "తప్పు నాదే బావా. సిస్టమ్‌ది కాదు, నాదే."

మా ఆయన మెట్ల మీద కూర్చుని టైపు చేశారు. 'మామూలు' గొంతే పెట్టారు. "రేపు పనున్న యంత్రం జోలికి ఇవాళ పోకూడదు. అది ఏ సిస్టమైనా సరే."

"ఏ సిస్టమైనా సరే," అన్నాడు మా తమ్ముడు. పదిహేడేళ్లలో ఇద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అది. ఆ రోజు నుంచి టాబ్లెట్ పాస్‌వర్డ్ నా దగ్గర ఉంటోంది. ఇద్దరిలో ఎవరైనా దాన్ని కెలకాలంటే నన్ను అడగాలి. నేను టీ తాగడం పూర్తయ్యేదాకా ఆగాలి కూడా.

కారులో మాత్రం టాబ్లెట్ పనికి రాలేదు. 'బ్రేకు' అని టైపు చేసేలోగా గోడ వచ్చేస్తుంది. మాటల టీచరమ్మ పట్టుబట్టి ఆ బుర్రుమనే పరికరాన్ని సొరుగులోంచి బయటికి తీయించారు. రోజూ ఒక గంట సాధన చేయించారు. పొడుగు మాటలు రాకపోయినా 'ఆపు', 'మెల్లగా', 'అద్దం చూడు' అన్నవి బాగానే వచ్చేశాయి. మొదట కారెక్కింది పళ్ల డాక్టరుగారే. మా ఆయన మొహమాటపడుతూనే పరికరం మెడకి ఆనించి "మెల్లగా" అన్నారు. డాక్టరుగారి మొహం వెలిగిపోయింది.

"ఇదేమిటి మాస్టారూ, అచ్చం మా క్లినిక్‌లో డ్రిల్లు చప్పుడే! దీన్ని వింటుంటే నా కుర్చీ దగ్గర నిలబడ్డట్టుంది నాకు."

ఆ రోజు ఇంజను ఒక్కసారి కూడా ఆగలేదు. రెండు నెలల్లో ఆయనకి లైసెన్సు వచ్చింది. పరీక్ష పెట్టినాయన మెచ్చుకున్నారని చెప్పడానికి మా ఇంటికి తనే నడుపుకుంటూ వచ్చి, గేటుకి రెండడుగుల దూరంలో అతి జాగ్రత్తగా ఆపారు.

పోయిన నెలలో మాటల టీచరమ్మ ఫోన్ చేశారు. పసిపిల్లల్ని చూసుకునే బడి నడిపే ఒకావిడకి అదే ఆపరేషన్ పన్నెండు రోజుల్లో ఉందట. గొంతు ఇంకా బాగానే ఉంది, ఏం చెయ్యాలో తెలియడం లేదు, మీరొచ్చి చూస్తారా అని అడిగారు. మా ఆయనా మా తమ్ముడూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆదివారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. దారి పొడుగునా, రికార్డింగ్ ఏ మిషన్‌తో చెయ్యాలన్న దాని మీద గొడవే. వెనక సీట్లోంచి 'బావమరిదికి' గొంతు దంచేస్తుంటే, మా తమ్ముడు స్టీరింగ్ మీద వేళ్లతో తాళం వేసుకుంటూ నడిపాడు.

ఆ బడి ఒక పొడుగాటి గది. కిటికీల కింద చిన్న చిన్న పరుపులు చుట్టి పెట్టి ఉన్నాయి. గోడ మీద మోకాలెత్తులో రంగుల చేతి ముద్రలు. ఆవిడకి నలభై ఐదేళ్లుంటాయి. మైకు ముందు బిగుసుకుని కూర్చుని, కాగితం మీది వాక్యాలు వార్తలు చదివినట్టు చదవడం మొదలుపెట్టారు.

మా ఆయన చెయ్యెత్తి ఆపి, టైపు చేశారు.

"ఆ కాగితం పక్కన పెట్టండమ్మా. నాకు నా తిట్లు తప్ప ఇంకేం మిగల్లేదు, మిగతావి నలుగురూ వెతికి ఇస్తేనే దొరికాయి. మీరు అన్ని రకాలుగా మాట్లాడి పెట్టుకోండి. అల్లరి చేసే పిల్లాణ్ని ఏమంటారు మీరు?"

ఆవిడ ఆ టాబ్లెట్‌నీ, ఆయన్నీ మార్చి మార్చి చూశారు. "ఇది మీ గొంతేనా?"

"నాదే. కొంచెం మెరుగు పెట్టించాను."

ఆవిడ ఫక్కున నవ్వారు. మా తమ్ముడు నవ్వుని కూడా వదలకుండా రికార్డు చేశాడు. తర్వాత ఆవిడ అల్లరి పిల్లల్ని కసిరారు, అన్నం తిననివాళ్లని బతిమాలారు, పడి లేచినవాళ్లని ఊరడించారు. నిద్రపుచ్చేటప్పుడు ఏమంటారని అడిగితే ఒక్క క్షణం చుట్టి పెట్టిన పరుపుల వైపు చూసి, గొంతు తగ్గించి, ఒక్కొక్క పిల్లనీ పేరుపేరునా పిలిచి కళ్లు మూసుకోమన్నారు. ఇరవై మూడు పేర్లు. నేను కుర్చీ కదపబోతే మా తమ్ముడు వద్దని సైగ చేశాడు.

రెండు గంటలయ్యాక మా తమ్ముడు, "ఇవాళ్టికి చాలమ్మా, గొంతు అలసిపోతుంది," అన్నాడు.

"రేపు మళ్లీ రండి బాబూ," అన్నారావిడ. "పిల్లలున్నప్పుడు రండి. వాళ్లు ఎదురుగా ఉంటేనే నాకు మాటలు బాగా వస్తాయి."

మర్నాడు నేను మళ్లీ సెలవు పెట్టాను.